సిస్టరమ్మ అంగూర్ పందిరి

ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాల నీడన తోపుడుబండి ఆపుకుని ఒకాయన "ఉప్పల్ అంగూర్! ఉప్పల్ అంగూర్!" అని అరుస్తున్నాడు. నేను మేడిపల్లి బస్సు కోసం నిలబడి ఉన్నాను. నవ్వొచ్చింది. ఉప్పల్‌లో ద్రాక్షతోటలు పోయి ఎన్నాళ్లయిందని! తోటల్ని ప్లాట్లు చేశారు, ప్లాట్లలో ఇళ్లు కట్టారు, ఇప్పుడా ఇళ్లను కూడా పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతున్నారు.

"ఉప్పల్‌లో అంగూర్ ఎక్కడుంది బాబూ?" అన్నాను.

"యాడనో ఓ కాడ ఉంటదిలే అమ్మా. తిని సూడు, చక్కెరే" అని ఒక పండు తెంపి నా చేతిలో పెట్టాడు.

సిస్టరమ్మ పక్కనుంటే అతన్ని అంత తేలిగ్గా వదిలేది కాదు. మణికట్టు పట్టుకుని, చీరకు పిన్నుతో తలకిందులుగా వేలాడే తన గడియారం వంక చూస్తూ "ఇప్పుడు జెప్పు, యాడికెల్లి తెచ్చినవ్?" అని అడిగేది. అబద్ధమాడే మనిషి నాడి తడబడుతుందని ఆమె గట్టి నమ్మకం.

సిస్టరమ్మ పోయి అప్పటికి వారమైంది. చర్చిలో రాని ఏడుపు, సమాధి దగ్గర రాని ఏడుపు, ఆ బండి ముందు నోట్లో పండు పెట్టుకున్నాక వచ్చింది. "పుల్లగున్నదా అమ్మా?" అని బండాయన కంగారుపడ్డాడు.

నాచారంలో మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు ఆమె. ప్రభుత్వ దవాఖానాలో, కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. సొంత పేరు పోస్టుమ్యాన్‌కు తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. కూరగాయలవాళ్ల నుంచి చర్చి పాస్టరుగారి దాకా అందరికీ సిస్టరమ్మే.

ఇల్లు చూడటానికి మేం వెళ్లిన రోజు మాంసం వండుతారా, ఎంతమంది వచ్చిపోతారు, ఏ ఊరు, ఏ కులం లాంటి ప్రశ్నలకు సిద్ధపడి వెళ్లాం. ఆమె అవేమీ అడగలేదు. మా ఆయన చెయ్యి పట్టుకుని, గడియారం చూస్తూ, "చెట్లకు నీళ్లు వోస్తవా?" అంది.

"పోస్తానండీ" అన్నాడాయన.

"పొయ్యడు" అని ఆ చెయ్యి వదిలేసి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు?"

"పోస్తానండీ."

"ఆఁ, గీమె వోస్తది. సామాను తెచ్చుకోన్రి."

అలా నాచారంలో మాకు ఇల్లు దొరికింది. నేను ఉప్పల్‌లో ఒక బడిలో తెలుగు చెప్పేదాన్ని. మా ఆయన ప్రభుత్వరంగ సంస్థలో లెక్కల విభాగంలో పనిచేసేవాడు. ఇద్దరం గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లం. కింద ఆమె, పైన మేము. గాలి ఎటు తిరిగితే అటు ఫ్యాక్టరీ వాసన వచ్చే ఆ వీధిలో, ఆమె గేటు లోపల మాత్రం మల్లెలు, తడిమన్ను వాసన వేసేవి.

ఆ పెరడును ఆమె తోట అనలేదు, వార్డు అనేది. మడులన్నీ బెడ్లు. టమాట వాలిపోతే "నాలుగో బెడ్డుకు జరమొచ్చింది" అనేది. గులాబీ స్పెషల్ రూము పేషెంటు, "మస్తు నఖరాలు". ఏ మొక్కా ఆమె చేతిలో చనిపోలేదు, డిశ్చార్జ్ అయ్యేది. మేము కరివేపాకు అనే చెట్టును ఆమె కల్యామాకు అనేది. ఏ పేరుతో పిలిచినా ఆ మొక్క ఆమె పెరట్లో బతకలేదు. ఒకటి డిశ్చార్జ్ కాగానే ఇంకోటి అడ్మిట్ అయ్యేది. "గిది మస్తు మొండిది" అని చెప్పేది నాతో, ఎండిన పుల్లను పీకేస్తూ. ఆమెను మించిన మొండిదాన్ని నేనింకా చూడలేదు.

తెల్లారగానే నీళ్ల పైపు పట్టుకుని పెరట్లో తిరుగుతూ ప్రార్థన చేసేది. దాన్ని ప్రార్థన అనాలో, డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు ఇంకో నర్సుకు చెప్పే అప్పగింతలు అనాలో నాకు ఇప్పటికీ తెలియదు. పైన వంటింట్లో కాఫీ కలుపుతుంటే అంతా వినపడేది.

"ప్రభువా, రాత్రి డ్యూటీ నీది, ఇగ నేనెక్కుతున్న. మల్లెకు మొగ్గలేసినవ్, సంతోషం. వానిచ్చినవ్, అది గూడ సంతోషమే. గని గాలెందుకిచ్చినవ్? గాలి నేనడిగిన్నా? వంకాయల పురుగు వెట్టినవ్. అది గూడ నా బిడ్డే అంటవ్, నాకెరికే. నీ బిడ్డను నీ తాన ఉంచుకో మరి. ఆమెన్."

మా ఇంట్లో దేవుడి ముందు గొంతు పెంచడం ఎరగం. దీపం వెలిగించి, కోరిక కూడా పూర్తిగా బయటపెట్టకుండా, పెదవుల మధ్యే నమిలి మింగేవాళ్లం. ఈమె దేవుణ్ణి నిలదీస్తుంటే మొదట్లో భయం వేసింది. తర్వాత్తర్వాత ఆ గొంతు వినపడని ఉదయం కాఫీ రుచించేది కాదు.

ఆ పెరట్లో అన్నిటికంటే పెద్దది ద్రాక్ష తీగ. దాని వెనక ఒక కథ ఉంది. ఆమె తండ్రి ఉప్పల్‌లో ఒక ద్రాక్షతోటకు కాపలా ఉండేవాడట. రాలిన పండ్లేరుకుని తింటూ పెరిగింది ఆమె. పొడుగ్గా, పాలిపోయినట్టుండే అనాబ్ షాయి పండ్లు. తండ్రి పోయాక చాలా ఏళ్లకు ఆ తోట ప్లాట్ల కింద అమ్ముడుపోయింది. యంత్రం పెట్టి తీగలు పెరికేస్తున్నారని తెలిసి, డ్యూటీ దిగి దిగగానే తెల్లచీరతోనే పరిగెత్తిందట. ఒక్క కొమ్మ కోసి, తడి గాజుగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. దవాఖానాలో వేలం వేసిన పాత ఇనప మంచాలు కొని, వాటి చట్రాలతో పందిరి వేయించింది. ఆ మంచాల మీద ఎంతమంది పోయారో అని వీధిలో గుసగుసలాడితే, "ఎంతమంది పుట్టిన్రో నన్నడుగున్రి, చెప్త" అందట.

తీగ పందిరంతా అల్లుకుంది. నీడ ఉంది, ఆకు ఉంది, పిచ్చుకలున్నాయి. కాయ మాత్రం ఒక్కటీ లేదు.

మేం చేరాక వచ్చిన మొదటి వసంతం. వేపపూత రాలి మెట్లన్నీ తెల్లగా ఉన్నాయి. ఆదివారం పొద్దున్న కింద నుంచి "గీ దినం నీ సంగతి జూస్త!" అని కేక వినపడింది. బాల్కనీలోంచి తొంగిచూస్తే సిస్టరమ్మ కొంగు నడుముకు దోపుకుని, రెండు చేతులా గొడ్డలి ఎత్తి, తీగ మొదట్లో నిలబడి ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా దిగి పరిగెత్తాను.

"వద్దండీ! ఆగండి, ఆగండి!"

"ఎందుకాగాలె? ఎన్నేండ్లాయె! నీళ్లు దాగుతది, ఎరువు దింటది, ఒక్క కాయ గాయది. దీనికి పందిరొకటి!"

"ఈ ఒక్క ఏడాది చూడండి. పైయేడు తప్పకుండా కాస్తుంది."

"నువ్వు జమానతుంటవా?"

"ఉంటానండీ, పూచీ నాది. ఆ గొడ్డలి దించండి ముందు!"

ఆమె తీగ వైపు తిరిగింది. "ఇన్నవా? నిన్నగాక మొన్నొచ్చిన ఆంధ్రా పిల్ల నీకు జమానతున్నది. జర సిగ్గు తెచ్చుకో!" అని గొడ్డలి గోడకానించి, నా వైపు చూసి హాయిగా నవ్వింది. "శాన మంచిగ బతిమిలాడినవ్ బిడ్డా. దా, చాయ్ తాగుదాం."

చాయ్ తాగుతుంటే చెప్పింది. కాయని చెట్టును ఇలా బెదిరించడం వాళ్ల నాయిన అలవాటట. ఒకరు గొడ్డలెత్తాలి, ఒకరు అడ్డుపడాలి. చెట్టుకు భయమూ పుడుతుంది, అడ్డుపడ్డవాళ్ల ముందు సిగ్గూ పుడుతుంది.

"నీ కన్న ముంగట కిరాయికున్నోళ్లు కిటికీలు మూసుకుండ్రు" అంది బాధగా. "నేనే బెదిరిచ్చి, నేనే బతిమిలాడితే అది నవ్వదా?"

అప్పట్నుంచి ప్రతి వసంతంలో నాకా పని ఖాయమైంది. వేపపూత రాలటం మొదలవగానే ఒక ఆదివారం కింది నుంచి కేక, నేను దిగడం, జమానతు. కానీ నాటకమని తెలిశాక నా బతిమిలాటలో పస తగ్గింది. రెండో ఏడు ఆమె గొడ్డలి సగంలోనే దించేసి విసుక్కుంది. "గదేందే? పేపరు సదివినట్టు జెప్తున్నవ్. నిరుడే మంచిగుండె. కతలు రాస్తవు గద, గింత కండ్లల్ల నీళ్లు తెచ్చుకోరాదా?"

కథలు రాస్తానని ఆమెకు తెలుసు. పత్రికలు వాటిని తిరిగి పంపిస్తాయనీ తెలుసు. ఆ కవర్లు పోస్టుమ్యాన్ దగ్గర తీసుకునేది ఆమే.

ఇంకో వసంతంలో సరిగ్గా గొడ్డలెత్తిన సమయానికి పాస్టరుగారు గేటు తీసుకుని వచ్చారు. మా వైపు నుంచే వచ్చిన కుర్రాయన, సన్నగా, మర్యాదగా ఉంటాడు. విషయం తెలుసుకుని నొచ్చుకున్నాడు.

"ఇలాంటివి మనం చేయకూడదమ్మా. చెట్టుకేం తెలుస్తుంది? ప్రభువు మీద భారం వేయాలి గానీ."

"ఏసిన. రోజు ఏస్తున్న. ఆయన మీద మస్తు బరువున్నట్టున్నది, దీని తాన్కి వస్తలేడు" అంది సిస్టరమ్మ. గొడ్డలి దించలేదు. "నువ్వు జెప్పు అయ్యా. ఎందుకుంచాలె దీన్ని?"

ఆయన ఇబ్బందిగా నా వంక చూశాడు. సాయం చేసే ఉద్దేశం నాకు లేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఇక చూడాలి! సహనం గురించి మొదలుపెట్టి, వేళ్లు చీకట్లో చేసే పని గురించి, ఆలస్యమైనా తప్పని కాలం గురించి అంత బాగా చెప్పాడంటే, ఎదురింటి రైల్వే గార్డుగారి భార్య గోడ మీంచి చూస్తూ ముక్కు చీదింది. సిస్టరమ్మ గొడ్డలి దించి, "చర్చిల గిట్ల జెప్పవేం అయ్యా?" అంది. పాపం, ఆయన చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

తీగ ఆ ఏడూ కాయలేదు.

మరుసటి ఏడు నాకు సంబంధించి చెడ్డ ఏడు. మాకు పిల్లల్లేరు. అప్పటికి కొన్నేళ్లుగా ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నాం. ఇంజెక్షన్లు, స్కానింగులు, పథ్యాలు, మొక్కులు. ప్రతి నెలా ఆశపడటం, ప్రతి నెలా దాన్ని దించుకోవడం. బడిలో, బంధువుల ఇళ్లల్లో నవ్వుతూ సమాధానం చెప్పడం నేర్చుకున్నాను. ఇంట్లో మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోవడం మానేశాం. ఆ శనివారం ఇంకో కబురు వచ్చింది, ఈసారీ కాలేదని.

మర్నాడు పొద్దున్నే కింది నుంచి కేక. "నీళ్లు దాగుతది, ఎరువు దింటది, ఒక్క కాయ గాయది!"

దిగాను. ఆమె ఉత్సాహంగా గొడ్డలెత్తి నా వంతు కోసం చూస్తోంది. నోరు తెరిస్తే నా మాట రాలేదు. ఇంకేదో వచ్చింది.

"కాయకపోతే నరికేస్తారా?" అన్నాను. "కాయనిదల్లా బతక్కూడదా? నీళ్లు తాగితే తప్పా? ఎండలో నిలబడితే తప్పా? నరికేయండి! రోజూ ఇలా అనిపించుకునే కన్నా అదే నయం దానికి!"

మెట్టు మీద కూలబడి ఏడ్చాను. వీధి వింటోందని తెలుసు. ఆగలేదు.

గొడ్డలి నేలన పెట్టిన చప్పుడు వినపడింది. ఆమె వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. తర్వాత నెమ్మదిగా, ఆ పెద్ద గొంతులోంచి అంత చిన్న మాట వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు, "నేనేం గాసిన్నే బిడ్డా?" అంది. "నన్నెవడన్న కొట్టేసిండా?"

నేను తలెత్తి చూశాను.

"నాకు సోయి లేకపాయె. చెట్టు సంగతే అనుకున్న గని, పక్కన మనిషున్నదని సూడకపోతి." నా భుజం తట్టి, "లే, చాయ్ వెట్టు" అంది.

"నాకొద్దండీ."

"నీకెవ్వరిస్తమన్నరు? నాకు వెట్టు. నా చేతులు వణుకుతున్నయ్."

ఏడుస్తూనే లేచి ఆమె వంటింట్లో చాయ్ పెట్టాను. చక్కెర డబ్బా ఎక్కడుందో ఆమె కుర్చీలోంచి చెబుతూ ఉంది. రెండు కప్పులు పోశాను చివరికి.

మర్నాడు పొద్దుటి అప్పగింతలు కొత్తగా ఉన్నాయి.

"ప్రభువా, నిన్న డ్యూటీల నాది తప్పాయె. మీదింట్ల పోరిని ఏడిపిచ్చిన. రాస్కో, దాచకు. ఇంకోటి. ఆ పోరి తాన నీది గూడ తప్పున్నది. అది గూడ రాస్కో. ఆమెన్."

కాఫీ గిన్నె పట్టుకుని నవ్వాను. చాన్నాళ్ల తర్వాత వచ్చిన నవ్వు. నా తరఫున దేవుడితో ఒకరు తగువు పెట్టుకున్నారు. అంతకు ముందు నా కోసం ఉపవాసాలున్నవాళ్లున్నారు, తాయెత్తులు తెచ్చినవాళ్లున్నారు, నాలోనే లోపం వెతికినవాళ్లున్నారు. తప్పు అవతలి వైపు ఉండొచ్చని ఎవరూ అనలేదు.

గొడ్డలిని ఆ వారమే మూలమీద కొబ్బరిబోండాల అతనికి ఇచ్చేసింది.

ఎండాకాలం పోయింది, వానలు పోయాయి. దసరా సెలవుల్లో ఒక పొద్దున్న పిలిచింది. వెళ్లేసరికి స్టీలు ట్రేలో తెల్లగుడ్డ పరిచి, దాని మీద కొమ్మలు కత్తిరించే కత్తెర పెట్టి ఉంది. నీళ్లలో మరిగించి, తుడిచి మరీ పెట్టింది. పక్కన దూది, పసుపు.

"మా నాయిన దసరాకు తీగెలు కత్తిరిచ్చేటోడు. కత్తిరిస్తెనే కాత" అంది.

నేను ఆశ్చర్యపోయాను. "ఇది తెలిసి ఇన్నేళ్లూ ఎందుకు కత్తిరించలేదండీ?"

ఆమె తీగ మొదలు నిమిరింది. "భయమాయె. తోటంత పోయింది, గిదొక్కటే మిగిలింది. కత్తిరిస్తే సస్తదేమో. గొడ్డలంటవా, అది తగలదని నాకెరికే. కత్తెర తగుల్తది."

"ప్రభువు మీద అంత నమ్మకం ఉంది కదా మీకు?"

"ప్రభువు మీద ఉన్నది. నా చెయ్యి మీదనే లేదు."

అంతమంది పసిబిడ్డల బొడ్డుతాళ్లు కోసిన చెయ్యి అది. ఆ చేత్తో కత్తెర నాకిచ్చింది. ఎక్కడ కోయాలో వేలితో చూపించి, కళ్లు గట్టిగా మూసుకునేది. "అయ్యిందా?" అనేది. "అయింది" అంటే ఒక కన్ను తెరిచేది. కోసిన చోట తీగ నీరు కార్చింది. దూదితో అద్ది, పసుపు పెట్టి, "ఏం గాదు, ఏం గాదు" అని దానికి చెప్పింది. నాలుగైదు కొమ్మలయ్యాక కత్తెర నా చేతిలోంచి తీసుకుంది. "నువ్వు బెదురుతున్నవ్, ఇటు తే" అంది. మధ్యాహ్నానికి పందిరంతా బోడి అయింది. ఇన్నాళ్లూ ఆకుల చాటునున్న ఇనప మంచాలు బయటపడి, పెరడు నిజంగానే దవాఖానాలా కనిపించింది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. తీగలో ఉలుకూ పలుకూ లేదు. ఎదురింటావిడ వచ్చి "అయ్యో, పచ్చగా ఉన్నదాన్ని చంపుకున్నారే" అని పరామర్శించి వెళ్లింది. సిస్టరమ్మ పొద్దున అప్పగింతల్లో అన్ని బెడ్ల సంగతీ చెప్పేది, తీగ దగ్గరకు రాగానే గొంతు ఆగిపోయేది. అడిగితే, "ఆయనకు కండ్లు లేవా? సూస్తలేడా?" అనేది. అడగటానికి భయపడుతోందని నాకు అర్థమైంది. నేను కూడా బడికి వెళ్లేముందు పందిరి కింద నిలబడి ఒకసారి పైకి చూసి వెళ్లేదాన్ని. నమ్మకమంటే నిబ్బరంగా ఉండటం అనుకునేదాన్ని అంతకుముందు. ఆమె మాత్రం వణుకుతూనే రోజూ నీళ్లు పోసింది.

ఒక పొద్దున కాఫీ పొయ్యి మీద ఉండగానే, "ఏయ్ పోరీ! దిగు! జల్ది దిగు!" అని వీధి అదిరేలా కేక. దిగాను. బోడికొమ్మ కణుపు దగ్గర బియ్యపుగింజంత మొగ్గ, గులాబీ రంగు చివరతో. ఆమె దాన్ని ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, ముఖం దగ్గరగా పెట్టి, కొత్తగా పుట్టిన బిడ్డను చూసినట్టు చూస్తోంది.

శివరాత్రి దాటాక పండ్లు కోతకు వచ్చాయి. విరగకాసిందని అబద్ధం చెప్పను. కొన్ని గుత్తులు. పిట్టలు తినకుండా వాటికి చిరిగిన దోమతెర చుట్టింది. కోసిన సాయంత్రం వీధినంతా పిలిచి, ట్రేలో పెట్టి, మనిషికి రెండో మూడో పంచింది. పుల్లగా ఉన్నాయి. అలా ఇలా కాదు, చెవుల వెనక జివ్వుమనేంత పులుపు. ఎవరి ముఖం వాళ్లు దాచుకోవడానికి పడిన పాట్లు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టున్నాయి. దానికి తోడు ఆమె ఒక్కొక్కరి మణికట్టూ పట్టుకుని "ఎట్లున్నయ్?" అని అడుగుతోంది.

"తియ్యగున్నాయి సిస్టరమ్మా" అన్నాడు మా ఆయన, కన్ను అదురుతుంటే.

"అబద్ధం" అంది ఆమె సంతోషంగా.

పాస్టరుగారొక్కడే, "కొంచెం పులుపుగా ఉన్నాయమ్మా" అన్నాడు. ఆయనకు బహుమానంగా ఇంకో గుత్తి ఇచ్చింది. పాపం, తినక తప్పలేదు.

అప్పుడే ఎదురింటావిడ నా గడ్డం పట్టుకుంది. మంచి మనసుతోనే. "చూశావా అమ్మాయ్, గొడ్డుపోయిందనుకున్న తీగే కాసింది. ఇక నీ వంతే. చూస్తూ ఉండు, వచ్చే ఏడు ఇదే పందిట్లో ఉయ్యాల కడతారు."

చుట్టూ అందరూ నవ్వుతూ తలూపారు. అలవాటైన నవ్వు నేనూ ముఖానికి తెచ్చుకోబోయాను. సిస్టరమ్మ ట్రే కింద పెట్టింది.

"అగో! తీగె కాసింది, అది తీగె సంగతి. గామె మనిషి. రెంటికి ముడి వెట్టకు."

ఆవిడ బిక్కపోయి, "అది కాదు సిస్టరమ్మా, దీవెనగా..." అంది.

"దీవెనలు గామె అడిగిందా? అడిగినప్పుడిద్దువు. ఇగో, ఇంకో రెండు పండ్లు నోట్లె వెట్టుకో. నమిలే దాంక మాట్లాడకు."

అందరూ గొల్లుమన్నారు, ఆవిడతో సహా. నేనూ నవ్వాను. ఏళ్లుగా ఎవరి గోడ మీదో వేలాడుతున్న క్యాలెండరులో నా బతుకు తారీఖులుగా గుర్తుపెట్టి ఉన్నట్టుండేది నాకు. ఆ సాయంత్రం ఎవరో దాన్ని తీసి పక్కన పెట్టినట్టయింది.

పైకి వచ్చాక మా ఆయనతో చెప్పాను, ఇక ఆసుపత్రికి రానని. ఆయన పేపరు మడిచాడు. "సరే" అన్నాడు. దాన్ని పక్కన పెట్టి, "నేనే చెబుదామనుకుంటున్నాను. నువ్వు ఆశ పెట్టుకున్నావేమో, నా నోటితో ఎలా తుంచేయనా అని ఊరుకున్నాను" అన్నాడు. ఆయన కోసం నేను, నా కోసం ఆయన అన్ని సూదులు భరించామన్నమాట! తర్వాత ఆయన లేచి, కిందికి వెళ్లి, నీళ్ల పైపు అందుకుని మల్లెకు నీళ్లు పోయడం మొదలుపెట్టాడు. కిటికీలోంచి సిస్టరమ్మ గొంతు వినపడింది. "గీయనకేమైంది?"

ఆ తర్వాత నాకు ఖాళీ సాయంత్రాలు దొరికాయి. రాశాను. పత్రికల నుంచి కథలు తిరిగి రావడం పూర్తిగా ఆగలేదు, కానీ కొన్ని రాకుండా పోవడం మొదలైంది. ఆమె పోస్టుమ్యాన్‌ను "ఇయ్యాల రాలేదా? శాన సంతోషం" అని పంపించేది.

కొన్నాళ్లకు మేడిపల్లిలో చిన్న ఫ్లాటు కొనుక్కుని వచ్చేశాం. ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులు. బంద్ అయినప్పుడల్లా ఫోన్ చేసేది. "పాలు దొరికినయా? కూరగాయలున్నయా? ఎవడన్న ఏమన్న అంటే సిస్టరమ్మ మనుషులమని జెప్పు." నేను వెళ్లినప్పుడు, "రాష్ట్రమొచ్చినంక వీసా తీస్కొని రావాలె. నీకిస్త గని, మీ ఆయన సంగతి ఆలోచించాలె" అనేది. తీగ ఏటా కాస్తూనే ఉంది. పులుపు ఏటా అంతే. ఉప్పల్ నేల పోయి నాచారం నేల దొరికితే తీపెక్కడి నుంచి వస్తుందని దాన్ని వెనకేసుకొచ్చేది.

ఈ వసంతంలోనే, రాష్ట్రం ఖాయమైందని వీధుల్లో టపాకాయలు పేలిన కొన్నాళ్లకు, సిస్టరమ్మకు బాగాలేదని, ఆమెను చూసుకుంటున్న ఆమె తమ్ముడి కూతురు కబురు చేస్తే వెళ్లాను. మధ్యాహ్నం. ముందుగది మంచం మీద పడుకుని ఉంది. బాగా చిక్కిపోయింది. ఎముకల్లో నొప్పి, కంటిమీద కునుకు లేదట.

"ఎంతమందికి సూదులేసి పండవెట్టిన! నాకు మాత్రం నిద్ర రాదాయె" అంది. "ఊకె గట్ల సూడకు. ఏదన్న జెప్పు. కత రాసినవా?"

సంచిలో పత్రిక ఉంది. ఆ వారమే నా కథ అచ్చయింది. తీశాను.

"నా గురించా?"

"కాదండీ."

"అయితే సదువు."

బస్సులో గొడుగు మరిచిపోయిన ఒక గుమాస్తా కథ అది. చదవడం మొదలుపెట్టాను. "గొడుగు యాడ కొన్నడు?" అని ఒకసారి, "పెండ్లామున్నదా వానికి?" అని ఇంకోసారి అడిగింది. "వస్తుందండీ, ముందుంది" అన్నాను. మళ్లీ ప్రశ్న రాలేదు. పేజీ తిప్పి చూస్తే కళ్లు మూసుకుని ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని, ఊపిరి నిదానంగా వస్తోంది.

తమ్ముడి కూతురు గుమ్మంలోకి వచ్చి చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "పండుకున్నదా? ఎన్ని దినాలాయెనో అక్కా, కన్ను మూయక" అని గుసగుసగా అని, లోపలికి రమ్మని, చాయ్ పెట్టానని సైగ చేసింది.

నేను తల అడ్డంగా ఊపాను. అదే గొంతుతో, పెంచకుండా, తగ్గించకుండా చదువుతూనే ఉన్నాను. గుమాస్తా గొడుగు వెతుక్కుంటూ డిపోకు వెళ్లాడు, అక్కడ దొరకలేదు, ఇంటికి వచ్చాడు. కథ అయిపోయింది. ఆపితే ఆమె లేస్తుందేమోనని, పేజీలు వెనక్కి తిప్పి, మళ్లీ మొదటి నుంచి అందుకున్నాను.